పాత డెలీ గురించి రాస్తానన్నావట

అమ్మడూ,

న్యూయార్క్‌లోని సెకండ్ ఎవెన్యూ డెలీ, అదే ఆ యూదుల శాండ్‌విచ్‌ల హోటల్, దాని గురించి రాద్దామని కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎక్కడైనా మొదలుపెట్టు గానీ "ఆ రోజులే వేరు" అని మాత్రం మొదలుపెట్టకు. ఆ ముక్క ఏ ఊళ్ళో ఏ కొట్టుకైనా అతుకుతుంది.

ముందు తిండి సంగతి సరిగ్గా రాయి. పాస్ట్రామీ అంటే ఏదో మాంసం శాండ్‌విచ్ అని వదిలేయకు. గొడ్డు మాంసాన్ని రోజుల తరబడి ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, మిరియాలు, ధనియాలు దట్టంగా పట్టించి, పొగబెట్టి, చివర్లో ఆవిరి మీద మెత్తబరుస్తారు. కార్న్‌డ్ బీఫ్ కూడా ఉప్పునీళ్ళలో ఊరబెట్టిందే, దానికి ఆ పొగ ఉండదు. మనింట్లో బీఫ్ తినం కదా, అది కూడా దాచకుండా రాయి. మరి మనకి అక్కడేం పని అంటే, ఆలూ కూరి కాల్చిన పిండివంట క్నిష్, ఊరవేసిన కీరకాయలు. వెనిగర్ పొయ్యరు, ఉప్పునీళ్ళూ వెల్లుల్లే. కొద్దిరోజులు ఊరితే హాఫ్ సోర్, బాగా ఊరితే ఫుల్ సోర్. చిన్నప్పుడు నువ్వు ఫుల్ సోర్ కొరికి మొహం చిట్లించేదానివి. ఇక సెలెరీ గింజల రుచితో ఉండే సెల్‌రే సోడా సంగతి మీ పెదనాన్ననే అడుగు. వాము కషాయానికి గ్యాస్ ఎక్కించినట్టుందని ఇప్పటికీ అంటారు.

కోషర్ హోటల్, అంటే యూదుల ఆహార నియమాలు పాటించేది కాబట్టి మాంసం ఉన్నచోట పాలు, వెన్న, చీజ్ ఉండవు. కాఫీలోకి కూడా పాలు ఇవ్వరు. పాలు లేని కాఫీతో తెలుగువాళ్ళు పడిన అవస్థ రాస్తే మనవాళ్ళు హాయిగా నవ్వుకుంటారు. అయితే యూదులు పని మానే శనివారం కూడా తెరిచి ఉంచేవారు. నిష్ఠగా ఉండే యూదులు కొందరికి అది నచ్చేది కాదు. ఇలాంటివి ఇబ్బందిగా ఉన్నాయని కొట్టేయకు, కొట్టు స్వభావం వాటిల్లోనే తెలుస్తుంది.

10వ వీధి మూల మీద 1954లో దాన్ని పెట్టింది ఏబ్ లెబెవోల్. రెండో ప్రపంచ యుద్ధం దాటి బతికి బయటపడి, శరణార్థిగా వచ్చిన మనిషి. 1996 మార్చిలో బ్యాంకులో డబ్బు కట్టడానికి వెళ్తుంటే కాల్చి చంపారు. హంతకులెవరో తేలలేదు. అది రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకో, క్రైమ్ కథ చెయ్యకు. సెయింట్ మార్క్స్ చర్చి ముందున్న చిన్న పార్కుకి ఆయన పేరు పెట్టారు, అది రాయి.

మూతపడటం గురించి రాసేటప్పుడు అంకెలు తప్పకుండా వెయ్యి. నెలకి 24,000 డాలర్ల అద్దె 33,000 చేస్తామన్నారు. గొడవ తెగక 2006 జనవరిలో మూసేశారు. ఆ చోట బ్యాంకు బ్రాంచి వచ్చింది. పెరిగిన 9,000 కోసం నెలకి ఇంకెన్ని శాండ్‌విచ్‌లు అమ్మాలో కాగితం మీద వేసి చూపించు. ఇంటి ఓనర్ని తిట్టడం కంటే అది బాగా అర్థమవుతుంది.

డెలీ ఉన్న ఈస్ట్ విలేజ్ పేట గురించి రాసే ముందు ఒకసారి అక్కడ నడిచి రా. సెకండ్ ఎవెన్యూలోనే 1884 నాటి ఆటెన్‌డార్ఫర్ లైబ్రరీ ఉంది, గోడ మీద జర్మన్ అక్షరాలు చూడు. ఆ కాలంలో అది జర్మన్‌ల పేట. తర్వాత యూదుల నాటకశాలలు వచ్చాయి. అందుకే ఏబ్ తన డెలీ ముందు పేవ్‌మెంట్‌లో యూదుల భాష యిడ్డిష్‌లో ఆడిన నటీనటుల పేర్లతో నక్షత్రాలు పొదిగించాడు. కాస్త కింద, డెలీ పెట్టిన ఏడాదే తెరిచిన ఉక్రేనియన్‌ల హోటల్ వెసెల్కా ఇంకా నడుస్తోంది. 6వ వీధిలో వరసగా ఇండియన్ రెస్టారెంట్లు ఉండేవి, బోర్డు ఇండియాది, నడిపేది ఎక్కువగా బంగ్లాదేశీయులు. అవీ తగ్గిపోయాయి. ఇది ఎవరి పేట అని ఎవరైనా అడిగితే, ఏ సంవత్సరంలో అని అడగాలి. నువ్వు చూసిన నాలుగేళ్ళే అసలు పేట అన్నట్టు మాత్రం రాయకు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు చదివితే కోపం వస్తుంది, న్యాయంగానే.

డెలీ పోయిందని కూడా రాయకు. 2007 డిసెంబరులో ఏబ్ తమ్ముడి కొడుకు దాన్ని 33వ వీధిలో మళ్ళీ తెరిచాడు. అక్కడి నుంచి లెక్సింగ్టన్ ఎవెన్యూలో మన ఇండియన్ సరుకుల కొట్లు నడిచి వెళ్ళేంత దూరం. అక్కడ తిని, పాతదానికీ దీనికీ తేడా నీ నాలుకతో చూసి రాయి. "అసలు రుచి కాదు" అని వినికిడి మాట రాయకు. కౌంటర్ దగ్గర పనివాళ్ళతో మాట్లాడతావేమో, రద్దీ తగ్గాక వెళ్ళు. వాళ్ళని అడగకుండా ఫోన్‌లో రికార్డు చెయ్యకు, పేర్లు వెయ్యకు.

మీ పెదనాన్న దగ్గర ధరలతో సహా పాత మెనూ కార్డు ఉంది. ఆదివారం వచ్చి ఫోటో తీసుకో. కార్డు మాత్రం ఇవ్వరు, అడగకు. వచ్చేటప్పుడు లెక్సింగ్టన్‌లో ఇంగువ, కందిపప్పు తీసుకురా.

మీ పెద్దమ్మ