తుప్పు పట్టిన బ్యాండ్ సా చూడబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. 14 అంగుళాల చక్రాలున్న పాత బ్యాండ్ సా (పైనా కిందా ఉన్న రెండు చక్రాల మీద పట్టీలాంటి బ్లేడు తిరుగుతూ చెక్క కోసే మిషను), టేబులంతా ఎర్రగా తుప్పు. అదే డబ్బుకు కొత్తది కావాలంటే 9 అంగుళాల చిన్న మిషనే వస్తుందని, ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నానని రాశావు.

నీ చేతిలో ఇప్పుడు గడువు పెట్టిన పని ఏదైనా ఉందా? ఉంటే ఇక ఆలోచించకు, కొత్తదే తీసుకో. పాత మిషను విప్పి, కడిగి, బేరింగులు మార్చి, మళ్ళీ బిగించి సరిచేసేసరికి ఎన్ని ఆదివారాలు పోతాయో ముందే చెప్పలేం. గడువు టెన్షన్‌లో చేసిన బిగింపు ఏదీ కుదురుగా రాదు. తొందరేమీ లేకపోతే మాత్రం ఆ పాతదాన్ని వెళ్ళి చూడు. నువ్వు దుంగలను పలకలుగా చీల్చాలనుకుంటున్నావు. దానికి వెడల్పు బ్లేడు కావాలి, ఆ బ్లేడును బిగించి లాగినా వంగని ఫ్రేము కావాలి. చిన్న మిషను సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది.

నిన్ను భయపెట్టింది టేబులు మీది తుప్పు. నాకు దాని గురించి బెంగ లేదు. కిరోసిన్ పోసి కాసేపు నాననిచ్చి, ఎమెరీ కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దితే తుప్పు ఎర్ర బురదలా వదులుతుంది, కింద పోత ఇనుము బూడిద రంగులో బయటపడుతుంది. సన్నటి గుంటలు మిగిలినా చెక్క వాటి మీదుగా జారిపోతుంది. శుభ్రంగా తుడిచి, ఆరాక మైనం పట్టించు. సిలికాన్ ఉన్న స్ప్రేలు మాత్రం వద్దు, అది చెక్కకు అంటితే తర్వాత పాలిష్ సరిగ్గా పట్టదు. మిషను మీద ఉన్న బ్లేడును లెక్కలోకే తీసుకోకు. తుప్పు తిన్న బ్లేడు తెగి ఎగురుతుంది, దాన్ని తీసి పారెయ్యాల్సిందే.

నా బెంగంతా చక్రాల గురించి, వాటి షాఫ్టుల గురించి. ప్లగ్గు తీయించి, రెండు తలుపులూ తెరిచి, బ్లేడు వదులు చేయమను. పై చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోసి వదిలెయ్. అంచుకు దగ్గరగా పెన్సిలు కదలకుండా పట్టుకో. పెన్సిలుకూ అంచుకూ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే చక్రం వంకర. గరగరమంటే బేరింగు పోయినట్టు, అది పెద్ద విషయం కాదు. బేరింగు పక్కన నంబరు చెక్కి ఉంటుంది. 6204 అని ఉంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి కొలత 47, మందం 14. ఏ కంపెనీది కొన్నా అదే కొలత. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడు. టక్కుమని ఆడితే బేరింగు అరిగిందో, షాఫ్టే అరిగిందో తేలాలి. షాఫ్టు అరిగుంటే లేత్ పని పడుతుంది. అప్పుడు ధర బాగా తగ్గిస్తే తప్ప ముట్టుకోకు.

ఒకసారి నేను మోసపోయాను, అల్లుడూ. కొత్తగా ఆకుపచ్చ రంగు వేసిన మిషను, చుక్క తుప్పు లేదు. ఇంటికి తెచ్చి బ్లేడు బిగించిన మూడో రోజు, పై చక్రం ఆకు (మధ్య నుంచి అంచుకు పోయే ఊచ) మొదట్లో వెంట్రుకంత గీత కనిపించింది. ఆ రంగు వేసిందే దాన్ని కప్పడానికని అప్పుడు అర్థమైంది. ఆ చక్రం తిరుగుతుండగా విరిగి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. అప్పటి నుంచి పోత ఇనుము ఏది కొన్నా కిరోసిన్‌తో తడిపి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దముక్కతో తెల్లగా రుద్ది కాసేపు ఆగుతాను. పగులు ఉంటే లోపల దాక్కున్న కిరోసిన్ సుద్దలోకి ఊరి, తడి గీతలా కనిపిస్తుంది. రంగు మందంగా ఉన్నచోట ఇది పని చేయదు, కాస్త గీకాలి. చక్రాల ఆకులు, మెడ దగ్గర ఫ్రేము వంపు, టేబులు కింది బిగింపులు, ఈ మూడు చోట్లా చూడు. ఎక్కడ పగులు కనిపించినా, అమ్మేవాళ్ళు ఉచితంగా ఇస్తామన్నా వచ్చెయ్.

చక్రాల మీది రబ్బరు టైర్లు ఎండి పగిలి ఉంటాయి, అవి ఎలాగూ మార్చాల్సినవే. బ్లేడు పక్కలకు పోకుండా పట్టి ఉంచే గైడ్లు ఉంటాయి, వాటిలో పై గైడ్ల కడ్డీ తుప్పుకు బిగుసుకుపోయి ఉంటే నాలుగు రోజులు నూనె వేస్తే కదులుతుంది.

మోటారు విషయంలో ఒక జాగ్రత్త. త్రీఫేజ్ మోటారైతే నీ షెడ్డులో ఆ కరెంటు ఉందా? సింగిల్ ఫేజే ఉంటే మోటారు మార్చాలో, సింగిల్ ఫేజ్ కరెంటును త్రీఫేజ్‌గా మార్చి ఇచ్చే డ్రైవ్ పెట్టాలో, ఆ ఖర్చు ముందే కలుపుకో. పుల్లీలు కూడా కొలువు. పాత మిషన్లకు ఎవరో ఒకరు దొరికిన పుల్లీ బిగించేసి ఉంటారు. ఈ సైజు మిషన్లో చెక్క కోయడానికి బ్లేడు నిమిషానికి సుమారు 3000 అడుగులు పరుగెత్తాలి. మోటారు నిమిషానికి 1440 తిరుగుళ్ళది, దాని పుల్లీ 4 అంగుళాలు, చక్రం పుల్లీ 7 అంగుళాలు అనుకో. చక్రం సుమారు 823 సార్లు తిరుగుతుంది. 14 అంగుళాల చక్రం చుట్టుకొలత దాదాపు 44 అంగుళాలు కాబట్టి లెక్క 3000 దగ్గరికే వస్తుంది. నిమిషానికి రెండు మూడు వందల అడుగులే వస్తే అది ఇనుము కోసే మిషను, నీకు పనికిరాదు.

కొత్తది కొన్నా పెట్టె విప్పగానే కోత మొదలుపెట్టకు. టేబులు బ్లేడుకు మూలమట్టంగా ఉందో లేదో చూసి, గైడ్లు సరిచేసుకో. దాంతో వచ్చే బ్లేడును నమ్ముకోకు, మంచిది విడిగా కొనుక్కో.

నా మొగ్గు పాతదాని వైపే, చక్రాలూ షాఫ్టులూ బాగుంటే. వెళ్ళేటప్పుడు టార్చి, సుద్దముక్క, చిన్న సీసాలో కిరోసిన్, పొడిగుడ్డ, పెన్సిలు, టేపు పట్టుకెళ్ళు. చూసొచ్చాక ముందు పై చక్రం సంగతి రాయి. కొంటే, విప్పే రోజు నేనూ వస్తాను.

మీ మామయ్య