గోల్ఫ్ ఫిట్టింగ్ సరే, కొత్త సెట్టే ఆగాలి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పరవాడలో ఫార్మా కంపెనీలో ఉద్యోగం, గాజువాకలో సొంత ఫ్లాట్. రెండేళ్లుగా ఆదివారాలు ముడసర్లోవ వెళ్లి గోల్ఫ్ ఆడుతున్నాను. బదిలీ మీద వెళ్లిపోయిన సహోద్యోగి దగ్గర కొన్న పాత క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) సెట్టుతోనే నడిపిస్తున్నాను. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. కుడిచేతి వాటం. ఐరన్లతో (పలచటి లోహపు తల ఉండే క్లబ్బులతో) కొడితే బంతి ఎక్కువగా ఎడమకే పోతోంది. బెంగళూరులో ఫిట్టింగ్‌కు, అంటే మన ఒంటికీ ఆటతీరుకూ సరిపడేలా క్లబ్బుల కొలతలు తేల్చడానికి, 12 వేలు అడుగుతున్నారు, అక్కడే సెట్టు కొంటే ఆ 12 వేలూ బిల్లులో తగ్గిస్తారట. సెట్టు 2 లక్షల 35 వేలు, రానూపోనూ ఖర్చు 13 వేలు. ఈసారి బోనస్ పన్ను పోగా 4 లక్షలు చేతికొచ్చింది. అందులో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు 1 లక్షా 60 వేలు. హోమ్ లోన్ ఇంకా 12 లక్షలు ఉంది, 8.5 శాతం వడ్డీ, 8 ఏళ్లు కట్టాలి. సేవింగ్స్ ఖాతాలో ఓ లక్ష ఉంటుంది. నో కాస్ట్ ఈఎంఐలో కొనేయమంటున్నారు స్నేహితులు. అసలు ఫిట్టింగ్‌కు డబ్బు పెట్టడం దండగా?
- ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: దండగ కాదండీ. మీ ఎత్తుకు, మీరు చెప్పిన లక్షణానికి ఫిట్టింగ్ పనికొస్తుంది. కాకపోతే మీరు అడుగుతున్నది 12 వేల గురించి, ఖర్చు పెట్టబోతున్నది 2 లక్షల 48 వేలు. ఈ రెండింటినీ విడదీసి చూస్తే సగం టెన్షన్ పోతుంది.

దుకాణంలో రెడీమేడ్‌గా దొరికే మగవాళ్ల సెట్లు సుమారు 5 అడుగుల 9 అంగుళాల మనిషిని మనసులో పెట్టుకుని చేసినవి. మీకంటే అయిదంగుళాలు ఎక్కువ. పొట్టివాళ్లు అదే క్లబ్ పట్టుకుంటే చేతులు కిందికి దిగుతాయి, క్లబ్ ముక్కు భాగం, అంటే టో, గాల్లోకి లేస్తుంది. దాంతో క్లబ్ ముఖం ఎడమకు తిరుగుతుంది, బంతీ అటే పోతుంది. వెడ్జ్, 9 ఐరన్ లాంటి ఎక్కువ లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలి ఉండే కోణం) ఉన్నవాటితో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీ ఇబ్బంది ఇదే అయితే స్వింగ్‌ను తిట్టుకుని లాభం లేదు, లై కోణం, అంటే క్లబ్‌ను నేలకు ఆనించినప్పుడు దాని కడ్డీ నేలతో చేసే కోణం, సరిచేయాలి.

అది ఇదేనా కాదా అని తేల్చుకోవడానికి బెంగళూరు దాకా పోనక్కర్లేదు. వైట్‌బోర్డ్ మార్కర్ ఒకటి జేబులో వేసుకుని ప్రాక్టీస్ రేంజ్‌కు వెళ్లండి. బంతి మీద నిలువుగా లావుపాటి గీత గీసి, ఆ గీత క్లబ్ వైపు తిరిగి ఉండేలా పెట్టి 7 ఐరన్‌తో కొట్టండి. గీత క్లబ్ ముఖానికి అంటుకుంటుంది. తిన్నగా నిలబడితే లై బాగున్నట్టే. గీత పైకొన టో వైపు వాలితే మీకు ఆ క్లబ్ మరీ నిటారుగా ఉన్నట్టు. ఒక్క దెబ్బకే తీర్పు చెప్పేయకండి, ఓ పది బంతులు కొట్టి చూడండి. గీత ప్రతిసారీ ఒక్కో రకంగా పడుతుంటే ఫిట్టింగ్ సంగతి పక్కనపెట్టి ఆ డబ్బుతో గోల్ఫ్ నేర్పే కోచ్ (క్లబ్ ప్రో) దగ్గర నాలుగు పాఠాలు చెప్పించుకోండి. నెలకో రకంగా మారే స్వింగ్‌కు ఎవరు కొలతలు తీసినా అవి ఆ రోజుకే పనికొస్తాయి.

గీత అన్నిసార్లూ టో వైపే వాలితే మాత్రం ఫిట్టింగ్‌కు వెళ్లండి. వెళ్లి కొలతలు కాగితం మీద రాయించుకుని రండి: మణికట్టు నుంచి నేల దాకా ఎత్తు, షాఫ్ట్ (కడ్డీ) పొడవు, లై ఎన్ని డిగ్రీలు, గ్రిప్ (పిడి) సైజు, షాఫ్ట్ బిగువు రెగ్యులరా స్టిఫ్ఫా అన్నది. మీ ఎత్తు, అరచేయి ఇక మారవు కాబట్టి వాటికి సంబంధించిన కొలతలు చాలా ఏళ్లు ఉపయోగపడతాయి. మారేది స్వింగ్ వేగం. అందుకే వేగాన్ని బట్టి ఎంచుకునే డ్రైవర్‌ను (బంతిని బాగా దూరం కొట్టే పొడవాటి క్లబ్‌ను) అన్నిటికంటే చివర కొనాలి. మీవాళ్లు మాత్రం ముందు దాన్నే కొనమంటారు, బ్యాగులో అందరి కళ్లూ పడేది దాని మీదే మరి!

ఇక ఆ 12 వేలు తగ్గిస్తామన్న మాట. బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ ఉచితంగా సలహా ఇచ్చి, చివర్లో ఇన్సూరెన్స్ పాలసీ ముందు పెట్టడం చూశారుగా, ఇదీ ఆ బాపతే. అమ్మేవాడే కొలిస్తే కొలత ఎప్పుడూ కొత్త సెట్టు దగ్గరే ఆగుతుంది. తెర మీద అంకెలు చూపించి కొత్త 7 ఐరన్ మీ పాతదానికంటే ఇరవై గజాలు ఎక్కువ పోయిందంటారు. రెండిటి లాఫ్ట్ ఎంతో అడగండి. పాత రకం 7 ఐరన్ లాఫ్ట్ 34 డిగ్రీల దగ్గర ఉండేది, ఇప్పుడొచ్చేవాటిలో చాలావాటికి 30 లోపే. లాఫ్ట్ తగ్గితే బంతి దూరం పోతుంది, అందులో మీకు ప్రత్యేకంగా కుదిర్చింది ఏమీ లేదు. 7 కంటే లాఫ్ట్ తక్కువుండే మీ పాత 6 ఐరన్‌తో కొట్టినా ఇంచుమించు అంతే దూరం వస్తుంది.

కాబట్టి 12 వేలు వాపసు రాకపోయినా ఫర్వాలేదు, కట్టేసి రండి. పాత ఐరన్లను వంచి లై కోణం సరిచేసే మెషీన్ ఫిట్టర్ల దగ్గర ఉంటుంది. ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) ఐరన్లు తేలిగ్గా వంగుతాయి, కాస్ట్ చేసినవి (పోతపోసినవి) ఓ రెండు డిగ్రీల వరకు వంగుతాయి. సెట్టు వెంట తీసుకెళితే ఆ పని అక్కడే అయిపోతుంది. గ్రిప్పులు కూడా మార్పించండి. మన సముద్రపు గాలికి, చెమటకు రబ్బరు గట్టిపడి జారుతుంది. పైగా గ్రిప్ మీ చేతికి సన్నగా ఉంటే మణికట్లు ఎక్కువగా తిరిగి బంతి ఎడమకు పోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

నో కాస్ట్ ఈఎంఐ పేరులోనే ఉంది గానీ ఖర్చు లేకుండా రాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాడు అంత మొత్తం డిస్కౌంట్‌గా చూపిస్తాడు. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీ మీద, ప్రాసెసింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని అడిగి చూడండి, అసలు ధర అప్పుడు బయటపడుతుంది.

ఇప్పుడు మీ బోనస్ సంగతి. ఫీజు పోగా 2 లక్షల 40 వేలు మిగులుతుంది. సెట్టు కొంటే అది మొత్తం పోయినా సరిపోదు, ఖాతాలో ఉన్న లక్షలోంచి కూడా తీయాలి. నెలకు 17 వేల పైచిలుకు ఈఎంఐ, చదువుకుంటున్న పిల్ల, చేతిలో లక్ష కూడా లేకపోవడం... ఇంట్లో ఒక్క హాస్పిటల్ బిల్లు వస్తే చాలు, క్రెడిట్ కార్డు గీకాల్సిందే. కార్డు బకాయి పెడితే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడుతుంది. అందుకని 1 లక్షా 20 వేలు ఎమర్జెన్సీకి ఎఫ్‌డీలో వేయండి. 80 వేలు లోన్‌కు కట్టేయండి. ఫ్లోటింగ్ రేటు అయితే ముందే కట్టినందుకు పెనాల్టీ లేదు. ఈఎంఐ తగ్గించకుండా గడువు తగ్గించమని బ్యాంకుకు రాసి ఇవ్వండి. దాదాపు 9 నెలలు ముందే తీరిపోతుంది, వడ్డీ 70 వేల పైనే మిగులుతుంది. మిగిలిన 40 వేలు గోల్ఫ్‌వే: ఫిట్టింగ్, ప్రయాణం 25, లై వంచడానికి, గ్రిప్పులకు 15.

ఈ మార్పులతో ఓ ఏడాది ఆడి చూడండి. వచ్చే బోనస్ నాటికీ కొత్త ఐరన్లు కావాలనిపిస్తే చేతిలో ఉన్న కొలతలతో వాడిన సెట్టు వెతుక్కోవచ్చు. పుటర్ (బంతిని గుంతలోకి నెట్టే క్లబ్) జోలికి మాత్రం పోకండి, ఉన్నది నడుస్తోంది కదా.