ఇంటర్ బైపీసీ తర్వాత సమగ్ర వైద్యం చదవాలంటే ఏ కోర్సు?
ఇంటిగ్రేటివ్ మెడిసిన్‌ను, అంటే ఆధునిక వైద్యాన్ని ఆయుర్వేదం, యోగా లాంటి వాటితో కలిపి చేసే సమగ్ర వైద్యాన్ని, డిగ్రీ స్థాయిలోనే చదవొచ్చా అని అడిగారు. చదవొచ్చు, కానీ ఆ పేరు కోసం వెతక్కండి. కొన్ని నెలల ‘హోలిస్టిక్ హీలింగ్’ సర్టిఫికెట్‌తో డాక్టర్ కాలేరు, దయచేసి దానికి డబ్బు పోయకండి. చూడాల్సినవి బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్య డిగ్రీ), బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ). రెండూ ఐదున్నరేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్.

బీఏఎంఎస్‌కు నీట్ తప్పనిసరి. హైదరాబాద్, వరంగల్, విజయవాడల్లో ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీలున్నాయి, తిరుపతిలో టీటీడీది ఉంది. మొదటి ఏడాదిలో చాలామందికి టెన్షన్ పెట్టేది సంస్కృతం. ఒక క్లాసులో అష్టాంగ హృదయం అనే ప్రాచీన ఆయుర్వేద గ్రంథంలోని శ్లోకాలు వల్లె వేయాలి, ఇంకో క్లాసులో శవం మీద కండరాలు, నరాలు గుర్తుపట్టాలి. ఈ రెండూ ఓపిగ్గా చేయగలిగితే నా ఓటు దీనికే.

బీఎన్‌వైఎస్‌లో ఆహారం, ఉపవాసం, జలచికిత్స, యోగా ప్రధానం. హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉంది. మంచి చదువే. అయితే ఆయుర్వేదం లాంటి కోర్సులను, ఆ డాక్టర్ల రిజిస్ట్రేషన్‌ను దేశస్థాయిలో నియంత్రించే 2020 నాటి జాతీయ భారతీయ వైద్య విధాన కమిషన్ చట్టం పరిధిలోకి ఇది రాదు. అందుకే మీరు ప్రాక్టీస్ పెట్టాలనుకునే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఎలా ఇస్తారో సీటు తీసుకోకముందే కనుక్కోండి.