పొడుగు మనిషికి ఏ హ్యామక్? డబుల్ అని ఉంటే చాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, బరువు 92 కిలోలు. సంక్రాంతి అయ్యాక ఫ్రెండ్స్‌తో మారేడుమిల్లి వైపు క్యాంపింగ్‌కి వెళ్దామని ప్లాన్. టెంట్‌లో కాళ్లు ముడుచుకుని పడుకోవడం నా వల్ల కావడం లేదు, అందుకని చెట్లకు కట్టుకునే గుడ్డ ఉయ్యాల, అదే హ్యామక్, కొందామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో సింగిల్, డబుల్ అని ఉన్నాయి. నాలాంటి పొడుగు మనిషికి డబుల్ సరిపోతుందా అండీ?

జవాబు: డబుల్ అన్న మాట చూసి మాత్రం కొనకండి. అది చాలావరకు వెడల్పు గురించి చెప్పే మాట, మీకు కావలసింది పొడవు. తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా 260, 270 సెంటీమీటర్లే ఉంటాయి, అంటే తొమ్మిది అడుగులు కూడా పూర్తిగా రావు. ఆరడుగుల మూడంగుళాల మనిషి తొమ్మిది అడుగుల గుడ్డలో పట్టడా అంటే పడతాడు, కానీ నిద్ర పట్టదు. గుడ్డ పొడవు కనీసం 11 అడుగులు, అంటే 335 సెంటీమీటర్లు ఉండేది చూడండి. వెడల్పు ఐదడుగులుంటే చాలు.

ఎందుకింత పొడవంటే, హ్యామక్‌లో నిటారుగా పడుకోకూడదు. అలా పడుకుంటే నడుము అరటిపండులా వంగిపోతుంది. నులక మంచం పొట్టిదైతే మన ఇళ్లల్లో పొడుగువాళ్లు ఐమూలగా పడుకుంటారు చూడండి, ఇక్కడా అంతే, తల ఒక పక్కకి, కాళ్లు ఇంకో పక్కకి జరుపుకుంటే గుడ్డ దానంతటదే పరుచుకుని వీపు చదునుగా ఉంటుంది. అలా ఐమూలగా జరగాలంటే గుడ్డకి పొడవుండాలి. నాదీ ఆరడుగుల పైన ఎత్తే, మొదట కొన్నది 270 సెంటీమీటర్లది. నూజివీడు దగ్గర మా మేనమామ గారి మామిడితోటలో కట్టుకుని పడుకుంటే అర్ధరాత్రి దాటేసరికి పిక్కల కింద గుడ్డ అంచు తాడులా బిగుసుకుంది, మోకాళ్లు వెనక్కి నొక్కుకుపోయి తెల్లారి లేచాక నాలుగడుగులు వేయడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. 11 అడుగులది కొన్నాక ఆ నొప్పి మళ్లీ రాలేదు.

కట్టడం కూడా కొనడమంత ముఖ్యమే. కొత్తవాళ్లందరూ బిగించి కడతారు, బిగువుగా ఉంటే చదునుగా ఉంటుందనుకుని. నిజానికి వదులుగా, కింద బాగా వేలాడేలా కట్టాలి. చెట్టు నుంచి దిగే బెల్ట్ నేలకి సమాంతర రేఖతో 30 డిగ్రీల కోణంలో ఉంటే, మీ 92 కిలోలకి ఒక్కో వైపు పడే లాగుడు కూడా దాదాపు 92 కిలోలే. అదే బిగించి 15 డిగ్రీలకి తెస్తే ఒక్కో వైపు దాదాపు 178 కిలోలవుతుంది, బెల్ట్‌కీ, కుట్లకీ, చెట్టుకీ అంత భారం. ఈ కోణాల లెక్క ప్రతిసారీ ఎవరు వేస్తారు అనుకుంటే, రెండు చివర్లనీ కలుపుతూ పైన ఒక సన్నటి తాడు ఉన్న హ్యామక్ తీసుకోండి, దాన్ని రిడ్జ్‌లైన్ అంటారు. అది గుడ్డ పొడవులో 83 శాతం, అంటే 11 అడుగుల గుడ్డకి దాదాపు 110 అంగుళాలు ఉంటే, చెట్లు దగ్గరున్నా దూరమున్నా గుడ్డ వంపు ఒకేలా వస్తుంది. కాళ్ల వైపు ఒక జానెడు ఎత్తుగా కట్టండి, లేకపోతే రాత్రంతా కిందికి జారుతూ ఉంటారు. మధ్యలో కూర్చుంటే పిరుదులు కుర్చీ ఎత్తులో, అంటే నేలకి అడుగున్నర పైన ఉండాలి. అంతకంటే ఎత్తు వద్దు.

దోమతెర కలిపి కుట్టినదే కొనండి. అయితే పల్చటి ఒకే పొర గుడ్డలోంచి కింద నుంచి కూడా దోమ కుడుతుంది, వీపు ఆనిన చోటే ముందు కుడుతుంది, కాబట్టి రెండు పొరలది అయితే మంచిది. సంక్రాంతి తర్వాత మారేడుమిల్లిలో చలి మన గుంటూరు చలిలా ఉండదు. పైన ఎంత మందపాటి దుప్పటి కప్పుకున్నా వీపు కింద గాలి ఆడుతూనే ఉంటుంది, బొంత వేసుకున్నా ఒంటి బరువుకి నలిగిపోయి వేడి నిలవదు. మొదటిసారికి నలగని ఫోమ్ మ్యాట్ ఒకటి లోపల పరుచుకోండి. వెళ్లే ముందు ఇంటి దగ్గర ఎక్కడైనా ఒక రాత్రి పూర్తిగా పడుకుని చూడండి, పావుగంట పడుకుంటే అన్నీ బాగానే అనిపిస్తాయి. అడవిలో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి సంగతి కూడా ముందే కనుక్కోండి.

ప్రశ్న: మాది విజయవాడ, భవానీపురం. మా ఊళ్లో తోట ఉంది. హ్యామక్‌ని నైలాన్ తాడుతో చెట్లకి కట్టేయొచ్చా? బెల్టులు విడిగా కొనాలా?

జవాబు: కొనండి. తాడు బెరడులోకి కోసుకుపోతుంది, చెట్టుకి అది గాయమే. అంగుళానికి తగ్గని వెడల్పున్న పాలిస్టర్ బెల్టులు తీసుకోండి, నైలాన్ అయితే సాగి తెల్లారేసరికి నేలకి తగులుతారు. చెట్టు మొదలు కనీసం మీ తొడంత లావుండాలి, చెట్ల మధ్య దూరం 12 నుంచి 15 అడుగులు. కొబ్బరిచెట్టు కింద వద్దే వద్దు, కాయే కాదు, మట్ట పడ్డా ప్రమాదమే. మామిడి అయితే ఎండిన కొమ్మలున్నాయేమో తలెత్తి చూశాక, ఎర్రచీమల గూళ్ల కోసం కూడా చూడండి. పచ్చి ఆకుల్ని కలిపి తెల్లటి దారంతో కుట్టినట్టు గుండ్రంగా ఉంటాయి. ఒక్కటి కనిపించినా పక్క చెట్టు చూసుకోండి, బెల్టు మీదుగా నేరుగా మీ మెడ దగ్గరికి వస్తాయి.