9 ఏళ్ల కుక్కకి మత్తిస్తే మళ్ళీ లేస్తుందా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 9 ఏళ్ల ఆడ లాబ్రడార్, వెనక రొమ్ముల దగ్గర నిమ్మకాయంత గడ్డ, రెండు నెలల్లోనే అంత పెరిగింది. తీసేయాలని డాక్టర్ గారు చెప్పారు. "ఈ వయసులో మత్తిస్తే ఇక లేవదు" అని మీ అమ్మగారు వద్దంటున్నారు. పూర్తి మత్తు అక్కర్లేకుండా మగత ఇంజెక్షన్‌తో పని కానిచ్చేయొచ్చా అని మీరు అడుగుతున్నారు.

నేను పశువుల డాక్టర్ని. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివాను. ప్రకాశం జిల్లా పల్లెల్లో 11 ఏళ్లు ఆవులు, గేదెలు, గొర్రెలు చూశాను. ఇప్పుడు చూసేది ఎక్కువగా కుక్కల్నీ పిల్లుల్నీ. మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయను. కాకపోతే ఆవిడ భయమంతా సూది వేసే క్షణం చుట్టూ ఉంది. కుట్లు పడి, అందరూ హమ్మయ్య అనుకున్నాక వచ్చే మూడు గంటలు నన్ను ఎక్కువ భయపెడతాయి. అది నాకు ఒక పిల్లి నేర్పింది.

పల్లె ఆసుపత్రుల నుంచి ఊరికి మారిన మొదటి ఏడాది అది. మూడేళ్ల ఆడపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆరోగ్యంగా ఉంది, చేతులు రక్కేంత చురుగ్గా ఉంది. అరగంట లోపే అయిపోయింది, చుక్క రక్తం వృథా కాలేదు. బుట్టలో పడుకోబెట్టి, బయట కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మగారికి "అంతా బాగా జరిగిందండీ" అని చెప్పి, తర్వాతి కేసులోకి వెళ్ళిపోయాను. నలభై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే పిల్లి మెడ బుట్ట గోడకి ఆని లోపలికి మడతపడి ఉంది. నాలుక నీలంగా ఉంది. గొంతులో ఊపిరి గొట్టం వేశాను, ఆక్సిజన్ పెట్టాను, గుండె నొక్కాను. రాలేదు. "బాగా జరిగిందన్నారు కదమ్మా" అని ఆవిడ ఒక్క మాటే అడిగారు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మందు ఎక్కువ కాలేదు. కత్తి తప్పలేదు. దగ్గర మనిషి లేడు, అంతే. ఆ మనిషిగా నేను ఉండాల్సింది.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. అప్పుడు దొరికింది బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన డేవిడ్ బ్రాడ్‌బెల్ట్, ఆయన తోటివాళ్ళు 2002 నుంచి 2004 వరకు 117 ఆసుపత్రుల్లో మత్తు లేదా మగత ఇచ్చిన జంతువుల వివరాలు సేకరించి, 2008లో ప్రచురించారు. దాదాపు 98 వేల కుక్కలు, 79 వేల పిల్లులు, 8 వేల కుందేళ్ళు. మత్తు కారణంగా చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్ళలో 1.39 శాతం. కుక్కల లెక్కని విడదీసి చూస్తే మీకు పనికొచ్చే సంగతి బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో 0.05 శాతం, అంటే దాదాపు రెండు వేలకి ఒకటి. అప్పటికే జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం, అంటే 75కి ఒకటి. రెండూ కుక్కలే, మధ్యలో ఇరవై ఆరు రెట్ల తేడా.

నన్ను కుదిపేసిన అంకె మాత్రం వేరే. చనిపోయిన కుక్కల్లో 47 శాతం, పిల్లుల్లో 61 శాతం ఆపరేషన్ బల్ల మీద పోలేదు. ఆపరేషన్ అయ్యాక పోయాయి. వాటిలోనూ సుమారు సగం మొదటి మూడు గంటల్లోపే. అది చదివిన రోజు ఆ బుట్ట నా కళ్ళ ముందుకొచ్చింది. అదే అధ్యయనంలో ఇంకోటి కూడా తేలింది. నాడి చూస్తూ, పల్స్ ఆక్సీమీటర్ పెట్టి గమనించిన పిల్లుల్లో చావులు తక్కువ. కోవిడ్ రోజుల్లో మనందరం వేలికి తగిలించుకున్నామే, ఆ పరికరమే. జంతువుకైతే నాలుకకి తగిలిస్తాం.

ఆ మూడు గంటల్లో లోపల ఏం జరుగుతుందంటే: కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మత్తులో వణుకు ఉండదు, పొట్ట బొచ్చు గీసేస్తాం, స్పిరిట్ రాస్తాం, పైన ఏసీ. వేడి జారిపోతుంది. ఒళ్ళు చల్లబడితే కాలేయం మందుని నెమ్మదిగా కరిగిస్తుంది, అందుకని మత్తు దిగడం ఆలస్యమవుతుంది. ఆలస్యమైనకొద్దీ ఇంకా చల్లబడుతుంది. ఈలోపు గొట్టం తీసేసి ఉంటారు, ఆక్సిజన్ ఆపేసి ఉంటారు. మింగడం ఇంకా సరిగ్గా తిరిగి రాదు, కడుపులోంచి కాస్త పైకొస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనుషులు పక్కకి వెళ్ళిపోతారు. పగ్ లాంటి చప్పిముక్కు కుక్కలకైతే ఇది రెట్టింపు గండం. అది గొట్టాన్ని నమిలి ఉమ్మేసేదాకా నేను తీయను.

ఇప్పుడు మగత ఇంజెక్షన్ సంగతి. మగత అంటే తక్కువ మత్తు, కాబట్టి తక్కువ ప్రమాదం అని చాలామంది అనుకుంటారు. నేను కూడా కాలేజీ నుంచి వచ్చిన కొత్తలో అలాగే అనుకున్నాను. పల్లెలో మాకు రోజూ చేతిలో ఉండే మందు జైలజీన్. 1962లో జర్మనీలో బేయర్ కంపెనీ మనుషుల రక్తపోటు కోసం తయారుచేసిన మందు అది, మగత బాగా వస్తుందని పశువుల వైపు వచ్చింది. గుర్రానికి ఇచ్చే మోతాదులో పదో వంతు చాలు ఆవుకి. చూడ్డానికి రెండూ ఒకే సైజు జంతువులే. ఒంగోలు ఎద్దు ఒకదానికి కొమ్ము ఆపరేషన్ కోసం బరువు కంటితో అంచనా కట్టి ఇచ్చాను. ఎద్దు కూలబడిపోయింది. పక్కకి ఒరిగి పడుకున్న పశువు తేన్పులు తీయలేకపోతుంది, పొట్ట గ్యాసుతో బిగుసుకుంటుంది, చొంగ గొంతులోకి దిగుతుంది. నలుగురు రైతులు కలిసి దాన్ని ఛాతీ నేలకి ఆనేలా కూర్చోబెట్టి, మెడ కింద గడ్డిమోపు పెట్టి, మూతి కిందికి వాలేలా పట్టుకున్నారు. చొంగంతా బయటికి కారింది. గొట్టం వేసి గ్యాసు తీశాను. ఎద్దు బతికింది, మూడు గంటలకి లేచి నిలబడింది. "మగతే కదా" అన్న మాట ఆ రోజుతో నా నోట ఆగిపోయింది. చూలు నెలలు నిండిన ఆవుకి ఆ మందు అసలు వద్దు, గర్భసంచిని బిగిస్తుంది. ఈ సమాధానం పాడి ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఇది కూడా రాస్తున్నాను.

అదే పల్లెలో ఇంకో వైపు కూడా చూశాను. మెయ్య (యోని, గర్భసంచి భాగం) బయటికొచ్చిన గేదెకి అర్ధరాత్రి టార్చి వెలుగులో తోక మొదట్లో, ఎముకల సందులో 5 మి.లీ. లిగ్నొకైన్ అనే తిమ్మిరి మందు ఇస్తే చాలు. రెండు మూడు నిమిషాల్లో తోక తాడులా వేలాడిపోతుంది. ముక్కడం ఆగుతుంది, లోపలికి నెట్టి కుట్టేయొచ్చు. గేదె మాత్రం నిలబడి గడ్డి నములుతూనే ఉంటుంది. పక్కలో వరసగా అదే మందు ఇచ్చి, నిలబెట్టే పొట్ట కోసి కిలోల కొద్దీ ప్లాస్టిక్ సంచులు తీశాం. మెదడుని ఎంత తక్కువ కదిలిస్తే అంత మేలని నాకు చెప్పింది ఆ గేదెలే.

అయితే మీ కుక్కకి కూడా మగత ఇచ్చి, గడ్డ చుట్టూ తిమ్మిరి మందు పొడిచి తీసేయొచ్చు కదా అంటారు. చర్మం మీద చిన్న పులిపిరి అయితే నేనూ అలాగే చేస్తాను. నిమ్మకాయంత రొమ్ము గడ్డకి కుదరదు. చుట్టూ మంచి కండని కూడా కొంత కలిపి తీయాలి, రక్తనాళాలు కట్టాలి, గంట పట్టొచ్చు. మధ్యలో కదులుతుంది. కదిలినప్పుడల్లా ఇంకొంచెం, ఇంకొంచెం అని ఇంజెక్షన్ ఇస్తూ పోతారు. చివరికి పూర్తి మత్తంత మందూ ఒంట్లోకి వెళ్తుంది, కానీ గొంతులో గొట్టం ఉండదు, ఆక్సిజన్ ఉండదు. ఆ అధ్యయనం మగత ఇచ్చిన వాటిని కూడా లెక్కలో కలిపింది ఊరికే కాదు. మీ కుక్కకి నేనైతే పూర్తి మత్తే ఎంచుకుంటాను: ముందు కొద్దిగా మగత, నరంలోకి ప్రొపోఫాల్ అనే మత్తు మందు నెమ్మదిగా, గొట్టం, ఆక్సిజన్‌తో ఐసోఫ్లురేన్ అనే మత్తు గ్యాసు. దానితోపాటు గేదెకి చేసినట్టే కోత గీత పొడవునా తిమ్మిరి మందు. నొప్పి మెదడుకి చేరకపోతే గ్యాసు తక్కువలో పని జరుగుతుంది, లేచాక ఏడవదు కూడా.

వయసు అసలు లెక్కలోకి రాదని అనను. అదే పరిశోధనలో 12 ఏళ్లు దాటిన కుక్కల్లో ప్రమాదం స్పష్టంగా ఎక్కువ కనిపించింది. మీది 9. ఇప్పుడు వాయిదా వేస్తే 10, 11 అవుతుంది, గడ్డా పెరుగుతుంది. అది పుండుపడి చీము పట్టాక చేయాల్సి వస్తే మీ కుక్క ఆరోగ్యంగా ఉన్నవాటి లెక్కలోంచి జబ్బువాటి లెక్కలోకి జారిపోతుంది. మీ అమ్మగారికి నేను చెప్పగలిగిన మాటల్లో బలమైనది ఇదే.

ఆపరేషన్‌కి ముందు రక్తం, కిడ్నీ, లివర్ పరీక్షలు చేయించండి. గుండె స్టెతస్కోపుతో విని అనుమానం ఉంటే ఎకో (గుండె స్కాన్). ఛాతీ ఎక్స్-రే తప్పనిసరి, ఎందుకంటే రొమ్ము గడ్డ చెడ్డదైతే ముందు పాకేది ఊపిరితిత్తులకే. అక్కడ మచ్చలు కనిపిస్తే ఆపరేషన్ చేయాలా వద్దా అన్న లెక్కే మారుతుంది. తీసిన గడ్డని పరీక్షకి పంపమని ముందే చెప్పండి. పంపకపోతే చాలాచోట్ల బకెట్‌లోకి పోతుంది. బరువు ఆ రోజు పొద్దున్నే కాటా మీద తూయించండి. లాబ్రడార్లు లావెక్కుతాయి, కొవ్వు బరువుకి కూడా లెక్కగట్టి మందిస్తే ఎక్కువైపోతుంది. ఇంతకుముందు ఏ మందుకైనా తేడా చేసిందా, మూర్ఛలు ఉన్నాయా, ఇంట్లో ఏ మాత్రలు వేస్తున్నారు, అన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి.

తిండి గురించి పాత పద్ధతిలో ముందురోజు సాయంత్రం నుంచే మాడ్చేస్తారు. 2020లో అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకి 4 నుంచి 6 గంటలు చాలు, నీళ్ళు ఆపక్కర్లేదు. మీ డాక్టర్ గారు ఎంత చెబితే అంతే పాటించండి, కానీ ఎక్కువసేపు మాడిస్తే మంచిదని మీరే ఇంకో పూట కలపకండి.

డాక్టర్ గారిని అడగడానికి మొహమాటపడకండి. గొట్టం వేస్తారా? ఆక్సీమీటర్ ఉందా? కోసే చెయ్యి కాకుండా మత్తు చూసుకునే మనిషి వేరే ఉన్నారా? అయిపోయాక దాని పక్కన ఎవరు కూర్చుంటారు, ఎంతసేపు? నన్నెవరైనా ఇవి అడిగితే నాకు కోపం రాదు, ప్రాణం లేచొస్తుంది. నా దగ్గర ఇప్పుడు ఒక అమ్మాయి పని అదే. ఆపరేషన్ మొదలైన దగ్గర్నుంచి ప్రతి 5 నిమిషాలకి నాడి, ఊపిరి, నాలుక రంగు నోటుబుక్కులో రాస్తుంది. కుక్క తల ఎత్తి, తనంతట తాను ఛాతీ నేలకి ఆనించి కూర్చునేదాకా ఆ పుస్తకం మూయదు.

సగం మత్తులో ఉండగా కారెక్కించి ఇంటికి తెచ్చేయకండి. ఇంటికొచ్చాక నేల మీదే పడుకోబెట్టండి, మంచం వద్దు, దుప్పటి కప్పండి. వేడినీళ్ళ సీసా పెడితే గుడ్డ చుట్టి పెట్టండి, మత్తులో ఉన్న చర్మానికి కాలుతున్నది తెలియదు. స్థిరంగా నడిచాకే కొంచెం నీళ్ళు, తర్వాత కొంచెం పెరుగన్నం. మన ఇంట్లో ఉండే నొప్పి మాత్రలు, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒక్కటి కూడా వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పికి డాక్టర్ గారు రాసిందే వేయండి. చిగుళ్ళు తెల్లబడినా, పిలిచినా కళ్ళు తిప్పకపోయినా, ఒళ్ళు చల్లగా తగిలినా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

ఆ రోజు మీ అమ్మగారిని ఇంట్లో వదలకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంత భయపడే మనిషి కళ్ళార్పకుండా చూస్తారు. ఆపరేషన్ అయ్యాక దాని తల దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టమని అడగండి. నాలుక ఏ రంగులో ఉండాలో, ఊపిరికి పొట్ట ఎలా కదలాలో ముందే చూపించమనండి. పేరు పెట్టి పిలుస్తూ ఉండమనండి. చాలా కుక్కల్లో కళ్ళు తెరవకముందే, తెలిసిన గొంతుకి తోక చివర కదులుతుంది.