గుర్రం కాళ్లకి పక్కులు

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర. మాళేగావ్ జాతరలో కొన్న గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులకి తిప్పుతాం. వానలు మొదలయ్యాక వెనక కాళ్లకి, గిట్టల పైన పక్కులు కట్టి కింద రసి కారుతోంది. రోజూ కడిగి నూనె రాస్తున్నా తగ్గట్లేదండీ.

జవాబు: ఆ రోజూ కడగడమే కొంప ముంచుతోంది! తడికి నానిన చర్మంలోకి డెర్మటోఫిలస్ అనే బ్యాక్టీరియా దూరుతుంది, పైన నూనె రాస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. అక్కడి వెంట్రుకలు కత్తిరించి, నీళ్లలో కలిపిన క్రిములు చంపే మందు క్లోర్‌హెక్సిడిన్‌తో తడిపి, 10 నిమిషాలాగి కడిగేసి, పాత తువ్వాలుతో పొడిగా అద్దండి, ఈ అద్దడమే అసలు మందు అనుకోండి. ఎండు పక్కుల్ని గోటితో పీకొద్దు, గుర్రానికి ప్రాణం పోయినంత నొప్పి, తన్నినా తన్నుతుంది. మెత్తబడ్డవే తీయండి. కట్టేసే చోట బురద లేకుండా చూడండి, కాళ్లకంటిన బురద ఆరాక బ్రష్‌తో దులపండి. కాలు వాచినా కుంటినా వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి, యాంటీబయోటిక్ పడాల్సిరావచ్చు, అప్పటిదాకా పెళ్లి బేరాలు ఒప్పుకోకండి.