వెనక్కి ఈదే జీవి వెంట మా అమ్మాయి వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. ఫ్లోరిన్ రసాయనాలు కలిసిన నీటిలో ఏకకణ జీవుల నడత ఎలా మారుతుందో పరిశోధిస్తానంటోంది. నేను బీఈడీ చేయమంటున్నాను. కంటికి కనబడని పురుగులతో బతుకుతెరువు దొరుకుతుందా?
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, ముందు ఆ ‘పురుగు’ సంగతి చెప్పనివ్వండి. పారమీషియం అనే ఏకకణ జీవి ఒంటినిండా సన్నని వెంట్రుకల్లాంటి శైలికలుంటాయి. వాటిని తెడ్లలా ఆడిస్తూ ముందుకు ఈదుతుంది. ఏదైనా అడ్డం తగిలితే కణంలోకి కాల్షియం చొరబడుతుంది, తెడ్లు తిరగబడతాయి, కాస్త వెనక్కి జరిగి దారి మార్చుకుంటుంది. పీఎఫ్‌ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనం కలిపితే అడ్డమేమీ లేకుండానే వెనక్కి ఈదుతుందని ప్రయోగాల్లో చూశారు. మంటలార్పే నురుగులో, మరకలంటని పూతల్లో వాడిన సరుకిది. కార్బన్–ఫ్లోరిన్ బంధం అంత తేలిగ్గా తెగదు కనుక నీటిలో చేరితే పోదు. 2009లో దీన్నీ, 2019లో దీని తోబుట్టువు పీఎఫ్‌ఓఏనూ ఎంతకాలమైనా పోని విషరసాయనాలను కట్టడి చేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం కిందికి తెచ్చారు. మీ అమ్మాయి పట్టుకున్నది గాలివాటం విషయం కాదు.

అయితే జువాలజీ ఒక్కటే చాలదు. నీటిలో ఈ రసాయనం ఎంతుందో తేల్చాలంటే ద్రావణంలోని రసాయనాలను విడదీసి కొలిచే ఎల్‌సీ–ఎంఎస్ యంత్రం మీద చెయ్యి తిరగాలి. ఎమ్మెస్సీలో చేర్చే ముందు ఆ విభాగానికి వెళ్లి ఒక్క మాట అడగండి: యంత్రాన్ని విద్యార్థులు నడుపుతారా, అద్దం బయట నిలబడి చూస్తారా? ఈ తేడా తెలియక రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. ఆ పనితనం ఉంటే పరిశోధన కుదరకపోయినా పైడిభీమవరం మందుల కంపెనీల నాణ్యత పరీక్షల విభాగాల్లో ప్రయత్నించవచ్చు.

ఎమ్మెస్సీలో చేరడానికి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకైతే ఏపీ పీజీసెట్, ఐఐటీలకైతే జామ్ ప్రవేశపరీక్ష రాయాలి. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే భృతి) వస్తే, 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు. విషశాస్త్రానికి లక్నోలో ప్రత్యేకంగా సీఎస్‌ఐఆర్ సంస్థ ఉంది. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయవచ్చు.

ఈలోగా ఒక పని చేయించండి. చెరువు నీళ్లలో ఎండుగడ్డి వేసి వారం ఉంచితే పారమీషియాలు దొరకవచ్చు. ఫ్లోరిన్ రసాయనాల జోలికి మాత్రం వెళ్లొద్దు. కాలేజీ మైక్రోస్కోపు కింద ఒక చుక్క పొటాషియం క్లోరైడ్ ద్రావణం కలిపినా అవి వెనక్కి ఈదుతాయి. ఎన్ని సెకన్లు ఈదాయో రోజూ లెక్కపెట్టి రాయమనండి. పదో రోజుకీ విసుగు లేకుండా రాస్తుంటే, ఆ నోటుపుస్తకం తీసుకుని ఇద్దరూ రండి.